సరస్సు కనబడాలని సౌనా గోడంతా గాజు పెడితే

ప్రకృతికి దగ్గరగా ఉండే సౌనా (కాగిన రాళ్ళమీద నీళ్ళు పోసి ఆవిరి పట్టే చెక్క గది) అనగానే కళ్ళముందుకొచ్చే బొమ్మ ఒకటే. నేల నుంచి కప్పు దాకా గాజు గోడ, అవతల మంచు కప్పుకున్న చెట్లు, గడ్డకట్టిన సరస్సు. ఫొటోకి ఇంతకంటే ఏం కావాలి! అలాంటి గదిలో ఓ గంట కూర్చుని లేచినవాళ్ళ మాట వేరేగా ఉంటుంది. తల మాడుతుంటే పాదాలు చల్లగానే ఉన్నాయంటారు. గాజు కింది సగమంతా నీటి చారలంటారు. చీకటి పడ్డాక కిటికీలో తమ మొహాలే కనబడ్డాయంటారు. గాజు ఎక్కువైన కొద్దీ సౌనాకి ప్రాణమైన ఆవిరి చస్తుంది. ఆ ఆవిరిని కాపాడుకుంటూనే బయటి చెట్టునీ నీటినీ లోపలికి ఎలా పిలవాలన్నది కొలతల లెక్క. ఆ లెక్క తెలిసినవాళ్ళు ఫిన్లాండ్‌వాళ్ళు.

అక్కడి జనాభా 55 లక్షలు, సౌనాలు 30 లక్షల పైచిలుకు. సొంతింట్లో ఒకటి, వేసవి కుటీరం దగ్గర మరొకటి ఉన్న కుటుంబాలు బోలెడు. 2020 డిసెంబరులో యునెస్కో ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. హెల్సింకీ, ఎస్పోల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళకి సౌనా మొదట పరిచయమయ్యేది అపార్టుమెంటు కింది అంతస్తులో, వారానికి ఒక గంట కేటాయించే ఉమ్మడి గదిగా. విద్యుత్ పొయ్యి, చిన్న గది, కిటికీ ఉండదు. వేసవిలో సరస్సు ఒడ్డున ‘మొక్కి’ (వేసవి కుటీరం) అద్దెకి తీసుకున్నప్పుడు కట్టె పొయ్యి సౌనాలో కూర్చుంటారు. రెండింటికీ పేరు ఒకటే గానీ అనుభవంలో పోలిక తక్కువ. ఆ తేడా ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఉదాహరణకి ఒక గది అనుకుందాం: సరస్సు వైపు గోడ నుంచి వెనక గోడకి 2.2 మీటర్లు, సరస్సు వైపు గోడ వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు. అంటే దాదాపు 10.5 ఘనపు మీటర్లు. నలుగురైదుగురికి సరిపోతుంది.

గరిటెడు నీళ్ళు ఏం చేస్తాయి

పొయ్యిమీద కాగిన రాళ్ళపై నీళ్ళు చిలకరిస్తే లేచే ఆవిరిని ఫిన్లాండ్‌లో ‘లోయ్‌ల్యూ’ అంటారు. మన చెవికి ‘లోయలు’ లాగే వినబడుతుంది. రాళ్ళతో నిండిన పొయ్యి ‘కియువాస్’. సౌనా బాగుందా లేదా అని అడిగేవాళ్ళు నిజానికి అడిగేది లోయ్‌ల్యూ గురించే.

80 డిగ్రీల గదిలో గాలి తేమ 10 శాతం ఉందనుకుందాం. అంటే ఘనపు మీటరు గాలిలో 29 గ్రాముల నీటి ఆవిరి. మన చర్మం అప్పటికి 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి మోయగలిగింది 51 గ్రాములు. గదిలో ఆవిరి ఈ 51 దాటేదాకా చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. దాటిన క్షణంలో వ్యవహారం తలకిందులవుతుంది. గాలిలోని ఆవిరి వచ్చి చర్మం మీదే నీరుగా మారుతుంది. అలా మారేటప్పుడు గ్రాము ఆవిరి వదిలే వేడి, అదే గ్రాము వేడినీరు ఒక డిగ్రీ చల్లారితే వదిలే వేడికి 570 రెట్లు. చెవుల మీద, భుజాల మీద చురుక్కుమనేది అందుకే.

29కీ 51కీ మధ్య ఉన్న 22 గ్రాములని 10.5 ఘనపు మీటర్లతో గుణిస్తే దాదాపు 230 గ్రాములు. ఒక పెద్ద గరిటెడు నీళ్ళు! అందుకే ఇంటి సౌనాలో ఒక్క గరిటెతో వాతావరణం మారిపోతుంది, రెండు నిమిషాల్లో మళ్ళీ సద్దుమణుగుతుంది. ఆవిరి గదుల్లోలాగా నిండా తేమ ఉంచేస్తే ఈ రావడం పోవడం ఉండదు. నీళ్ళే పోయని పరారుణ దీపాల పెట్టెలో అసలే ఉండదు. దాన్ని సౌనా అని అమ్మేవాళ్ళు అమ్మనీ, ఫిన్లాండ్‌వాళ్ళు మాత్రం ఒప్పుకోరు.

ఈ లెక్కనుంచే మిగతావన్నీ వస్తాయి. ఆవిరి చర్మం మీద నీరుగా మారాలంటే గదిలో చర్మం కంటే చల్లని తలం ఉండకూడదు. ఉంటే ఆవిరి ముందు దాన్ని వెతుక్కుంటుంది.

పాదాలు రాళ్ళకంటే పైన

గదిలో వేడి పొరలు పొరలుగా ఉంటుంది. కప్పు దగ్గర 90, 100 డిగ్రీలు ఉన్నప్పుడు నేలమీద 30, 40 మించదు. ఆవిరి కూడా పైకే పోతుంది. కాబట్టి కూర్చునే బల్లల ఎత్తు తప్పితే ఎంత ఖరీదైన పొయ్యి పెట్టినా లాభం లేదు. ఫిన్లాండ్‌లో వాడే సూత్రం: కూర్చున్నవాళ్ళ పాదాలు రాళ్ళ పైమట్టానికి సమంగానో, అంతకంటే పైనో ఉండాలి. పై బల్లకీ కప్పుకీ మధ్య 110 నుంచి 120 సెంటీమీటర్లు చాలు. అంతకంటే ఎక్కువ వదిలితే మంచి ఆవిరంతా తలపైన ఖాళీలో తిరుగుతుంది.

మన గదిలో కప్పు 2.4 మీటర్లు. 115 సెం.మీ. తీసేస్తే పై బల్ల 125 సెం.మీ. ఎత్తున వస్తుంది. దానికి 45 సెం.మీ. కింద, అంటే 80 దగ్గర పాదాల బల్ల. 40 దగ్గర ఒక మెట్టు. చాలా కట్టె పొయ్యిల రాళ్ళు 75, 80 సెం.మీ. ఎత్తుకి వస్తాయి కాబట్టి లెక్క కుదురుతుంది. ఇతర దేశాల్లో అమ్మే రెడీమేడ్ పెట్టెల ఎత్తు 2 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. పై బల్ల 90కి దిగుతుంది, పాదాలు 45కి దిగుతాయి. పాదాలు చల్లగా ఉన్నాయన్న ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఇదే. పొయ్యి సామర్థ్యం పెంచితే తల ఇంకా మాడుతుంది, పాదాలు అక్కడే ఉంటాయి.

పై బల్ల లోతు కనీసం 60 సెం.మీ. కాళ్ళు మడిచి కూర్చోవాలన్నా, పడుకోవాలన్నా 70 కావాలి. పట్టీల మధ్య ఒక సెంటీమీటరు సందు వదలాలి, నీళ్ళు జారడానికీ గాలి పైకి రావడానికీ. స్క్రూలు కిందినుంచే బిగించాలి. పైన ఇనుప తల బయటపడితే 80 డిగ్రీల్లో అది వాత పెడుతుంది.

గాజు ఎంత, ఎక్కడ

కిటికీ వద్దని ఎవరూ అనరు. పాత సౌనాల్లోనూ చిన్న కిటికీ ఉండేది, పగటి వెలుగు కోసం. సరస్సుని తీరిగ్గా చూడటానికి మాత్రం బయట అరుగు ఉండేది. కొత్తగా కట్టేవాళ్ళు అరుగుని కుదించి గాజుని పెంచడంతో చిక్కు మొదలైంది.

పొయ్యి తయారీదారులు చెప్పే లెక్కలోంచి మొదలుపెడదాం. మంచి ఇన్సులేషన్ ఉన్న గదికి ఘనపు మీటరుకి దాదాపు ఒక కిలోవాటు చాలు. ఇన్సులేషన్ లేని తలం, అంటే గాజు, టైల్, ఇటుక, ఎంత ఉందో చూసి, చదరపు మీటరుకి 1.2 ఘనపు మీటర్ల చొప్పున గది పరిమాణానికి కలపాలి. దుంగల గోడలైతే మొత్తాన్ని 1.5తో గుణించాలి. మన గదిలో సరస్సు వైపు గోడంతా గాజు చేస్తే 4.8 చదరపు మీటర్లు. దాదాపు 6 ఘనపు మీటర్లు కలుస్తాయి. 10.5 గది కాస్తా 16 దాటిపోతుంది. పెద్ద పొయ్యి కొనాలి. ఆ పొయ్యి తన చుట్టూ ఇంకా దూరం అడుగుతుంది, దగ్గర కూర్చున్నవాళ్ళని సెగతో కాలుస్తుంది. కొన్నా సమస్య పోదు.

బయట మైనస్ 15 డిగ్రీలు ఉందనుకోండి. మామూలు రెండు పొరల గాజు లోపలి తలం, పైన 80 డిగ్రీల గాలి తగిలేచోట 45 దగ్గర ఉంటుంది. నేల దగ్గర గాలే 40 కాబట్టి అక్కడ గాజు 20కి పడిపోతుంది. 20 డిగ్రీల దగ్గర గాలి మోయగలిగేది ఘనపు మీటరుకి 17 గ్రాములే, గదిలో ఉన్నది 29. నీళ్ళు పోయకముందే గాజు కింది భాగం చెమర్చడం మొదలుపెడుతుంది. ఆ నీరు చట్రం అడుగున చేరి చెక్కని కుళ్ళబెడుతుంది. ఒక్క పొర గాజైతే చెప్పనే అక్కర్లేదు. పోసిన గరిటెలో సగం ఒంటికి చేరకముందే కిటికీకి చేరుతుంది. కాబట్టి గాజు ఎంత పెట్టినా నడుము కిందికి దించకపోవడం మేలు. లోపలి పొర టెంపర్డ్ గాజు, పొరల మధ్య ఆర్గాన్, వేడిని వెనక్కి పంపే పూత ఉన్న రకం తీసుకుంటే లోపలి తలం 65 డిగ్రీల దాకా నిలబడుతుంది.

ఇప్పుడు ఎత్తు. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. కిటికీని మామూలు గది కిటికీలా, పైఅంచు 1.9 మీటర్ల దగ్గర ఉండేలా పెట్టిస్తారు. పై బల్ల 1.25 మీటర్ల ఎత్తున ఉంటే కూర్చున్నవాళ్ళ కళ్ళు 2 మీటర్ల దగ్గర ఉంటాయి. కిటికీ వాళ్ళకి 2 మీటర్ల దూరంలో ఉంది. అంటే చూపు కిటికీ దాటాలంటే మీటరుకి 5 సెం.మీ. చొప్పున కిందికి వాలాలి. గది నేల నీటిమట్టానికి 2 మీటర్లు పైన ఉంటే కళ్ళు నీటికి 4 మీటర్ల ఎత్తున ఉన్నట్టు. 80 మీటర్లకి అవతలి నీరు కనబడదు. ఎదుటి ఒడ్డు లేదు, ఆకాశం లేదు, అస్తమించే సూర్యుడు లేడు. చూడాలంటే మెడ వంచి కూర్చోవాలి. ఇంత ఖర్చూ పెట్టి కాళ్ళ దగ్గరి గడ్డి చూస్తున్నట్టు.

పైఅంచుని 2.15 మీటర్లకి, కింది అంచుని 1.25కి జరపండి. కిటికీ ఎత్తు 90 సెం.మీ., వెడల్పు 1.2 మీటర్లు. పై బల్లమీద ఉన్నవాళ్ళకి 11 మీటర్ల దూరం నుంచి మొదలై ఎదుటి ఒడ్డున చెట్ల తలల దాకా కనబడుతుంది. పాదాల బల్లమీద కూర్చున్న పిల్లల కళ్ళు 1.5 మీటర్ల దగ్గర ఉంటాయి, వాళ్ళకీ అందుతుంది. గాజు మొత్తం 1.1 చదరపు మీటర్లే. పొయ్యి లెక్కలో పెరిగేది 1.3 ఘనపు మీటర్లు. 2 మీటర్ల గోడలో మిగిలిన 80 సెం.మీ. మూలలో పొయ్యి పెట్టొచ్చు. గాజు తలుపున్న పొయ్యి అయితే పక్కపక్కనే మంటా నీళ్ళూ కనబడతాయి. పొయ్యి నేరుగా కిటికీ కిందికి రాకూడదు. అక్కణ్ణించి లేచిన ఆవిరి మొదట తగిలేది గాజుకే.

దిక్కు సంగతి. సూర్యాస్తమయం చూడాలని చాలామంది కిటికీని పడమరకి పెట్టమంటారు. హైదరాబాదులో అది సరిపోతుంది. సూర్యుడు అస్తమించే చోటు ఏడాది పొడవునా పడమరకి అటూఇటూ 25 డిగ్రీలు మించి జరగదు. హెల్సింకీ 60 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ అటూఇటూ 50 డిగ్రీలు దాటుతుంది. నడివేసవిలో రాత్రి 11 కావస్తుండగా సూర్యుడు వాయవ్యం దాటి ఇంకా ఉత్తరానికి దిగుతాడు. డిసెంబరులో మధ్యాహ్నం 3 గంటలకే నైరృతిలో వెళ్ళిపోతాడు. నేరుగా పడమరకి పెట్టిన చిన్న కిటికీలో ఆ రెండూ పడవు. కుటీరం వేసవికే అయితే కిటికీ వాయవ్యానికి తిరగాలి. (మనవైపు వాస్తు ప్రకారం అగ్ని ఆగ్నేయంలో ఉండాలంటారు. ఇక్కడ పొయ్యి మూల ఏదో తలుపూ పొగగొట్టమూ తేలుస్తాయి.)

చలికాలం సంగతి వేరు. సాయంత్రం సౌనా అంటే బయట కటిక చీకటి. లోపల ఒక్క దీపం వెలిగినా కిటికీ నల్లటి అద్దమైపోతుంది. లోపలి దీపాలు బల్లల కింద, వీపు ఆనించే పలక వెనక దాచాలి. వెలుగు నేలమీదే పడాలి గానీ కళ్ళ ఎత్తున ఉండకూడదు. బయట ఒక చెట్టు మొదట్లోనో, మంచు మీదనో చిన్న దీపం పెట్టాలి. లోపలికంటే బయట వెలుగు ఎక్కువైతే గాజు మళ్ళీ కిటికీ అవుతుంది. కప్పు దగ్గర దీపం తప్పదంటే 125 డిగ్రీలు తట్టుకునేదే కావాలి. మామూలు ఎల్ఈడీ కొన్నాళ్ళకే మాడిపోతుంది. దాని ట్రాన్స్‌ఫార్మరు గది బయట ఉండాలి.

గాలి

బయటి ప్రకృతిని లోపలికి తెచ్చే మొదటి వస్తువు గాలి. దీనిమీద ఎవరూ డబ్బు పెట్టరు, ఎందుకంటే ఫొటోలో కనబడదు. పది నిమిషాలకే తలనొప్పి, ఉక్కిరిబిక్కిరి, బయటికి పోదామన్న తొందర వస్తే వేడి ఎక్కువైందనుకుంటాం. చాలాసార్లు కారణం చెడిన గాలి. నలుగురు మూసిన చిన్న గదిలో కూర్చుంటే వాళ్ళు వదిలిన కార్బన్ డయాక్సైడు పోగుపడుతుంది.

గంటకి 6 సార్లు గదిలో గాలి మారాలి. మన గదికి గంటకి 63 ఘనపు మీటర్లు. కట్టె పొయ్యికి ఇది సులువు. మంటే గాలిని లాగుతుంది. కొత్త గాలి వచ్చే కన్నం పొయ్యి పక్కన, నేలకి దగ్గరగా ఉంటే చాలు. విద్యుత్ పొయ్యితో ఫ్యాను కూడా ఉంటే లెక్క మారుతుంది. కొత్త గాలి పొయ్యికి కనీసం 50 సెం.మీ. పైనుంచి రావాలి. రాళ్ళ మీదుగా లేచే వేడిగాలిలో కలిసి గదంతా పరుచుకుంటుంది. అదే కన్నం కిందపెడితే చల్లని గాలి నేలమీద పాక్కుంటూ పోయి ఫ్యానులోంచి వెళ్ళిపోతుంది, ముక్కుదాకా రాదు. చెడుగాలి బయటికి పోయే కన్నం బల్లల కింద, పొయ్యికి దూరంగా ఉండాలి. లోపలికొచ్చే దానికంటే ఇది వెడల్పుగా ఉండాలి, రెట్టింపు వ్యాసం ఉంటే మంచిది. స్నానాల గది ఫ్యానుతో గాలి లాగేటట్టయితే తలుపు కింద 10 సెం.మీ. సందు వదలాలి.

కప్పు దగ్గర ఇంకో కన్నం ఉంటుంది. అది గది ఆరబెట్టడానికే. స్నానం చేసేటప్పుడు తెరిచి ఉంచితే వేడీ ఆవిరీ రెండూ దాంట్లోంచే పోతాయి.

గోడలు, చెక్క, రాళ్ళు

గోడ లోపలి వరుస ఇది: చట్రం మధ్య వేడిని ఆపే రాతి ఊలు (రాక్ ఊల్), గోడకి 10 సెం.మీ., కప్పుకి 15. దానిమీద అల్యూమినియం రేకు, అతుకులన్నిటికీ అల్యూమినియం టేపు. ఆపైన 2 సెం.మీ. బద్దలు కొట్టి గాలి సందు. చివర చెక్క పలకలు. రేకు ఇన్సులేషన్‌కి లోపలి వైపునే ఉండాలి. బయటివైపు పెడితే ఆవిరి ఊలులోకి చొరబడి అక్కడే నీరవుతుంది. మూడేళ్ళ తరవాత ముక్క వాసనతో బయటపడుతుంది. గాలి సందు లేకుండా పలకలు నేరుగా రేకుమీద కొట్టేస్తే వెనకవైపు ఆరక నల్లబడతాయి.

గోడలకి స్ప్రూస్ బాగుంటుంది. బల్లలకి మాత్రం ఆస్పెన్, ఆల్డర్, లేదా ఆఫ్రికా నుంచి వచ్చే అబాచీ. ఇవి తేలిక చెక్కలు, ఒంటికి తగిలినా వేడిని త్వరగా అందించవు. బంక కారవు. పైన్ చెక్క బల్ల వేడెక్కితే ముడుల్లోంచి బంక బుడగలుగా వస్తుంది, తగిలితే కాలుతుంది. వార్నిష్, పెయింటు లోపల ఎక్కడా వద్దు. బల్లలకి పారఫిన్ నూనె పూత చాలు. చెక్క వాసన ఏమిటో, అడవి వాసన ఏమిటో అప్పుడే తెలుస్తుంది. సుగంధ తైలం వాడాలనుకుంటే నీళ్ళ బకెట్లో రెండు చుక్కలు. నేరుగా రాళ్ళమీద పోస్తే అంటుకుంటుంది.

రాళ్ళు ఏరుకొచ్చి పెట్టుకోవచ్చా అని అడుగుతారు. సరస్సు ఒడ్డున దొరికే రాళ్ళు అందంగా ఉంటాయి గానీ వాటి లోపల తేమ, పగుళ్ళు ఉంటే వేడికి చిట్లి ఎగురుతాయి. ఒలివిన్ డయాబేస్, పెరిడొటైట్ లాంటి గట్టి అగ్నిశిలలే నమ్మకం. విద్యుత్ పొయ్యికి 5 నుంచి 10 సెం.మీ. సైజు, కట్టె పొయ్యికి 10 నుంచి 15. ముందు కడిగి, పెద్దవి కింద, చిన్నవి పైన, మధ్య మధ్య సందులతో పేర్చాలి. బిగించి కుక్కితే గాలి ఆడక విద్యుత్ చుట్టలు మాడిపోతాయి. ఏడాదికోసారి దింపి, పొడి అయినవి తీసేసి మళ్ళీ పేర్చాలి. రాళ్ళమీద పోసేది మంచినీరే. ఉప్పునీరు పొయ్యిని తినేస్తుంది, ఇనుము ఎక్కువున్న నీరు రాళ్ళకి తుప్పు పూస్తుంది, సున్నం ఎక్కువైతే తెల్లటి పెచ్చు కట్టి ఆవిరి మందగిస్తుంది.

కట్టెల్లో బిర్చ్ మేలు. 33 సెం.మీ. ముక్కలు, తేమ 20 శాతం లోపు. పచ్చికట్టె కాలిస్తే వేడి రాదు సరికదా, పొగగొట్టం లోపల తారు పేరుకుని ఒకరోజు గొట్టమే అంటుకుంటుంది. ఒంటిపొర ఇనప గొట్టం నుంచి చెక్కకి మీటరు దూరం వదలాలి. పొయ్యిమీద బట్టలు ఆరేయొద్దు. ఫిన్లాండ్‌లో సౌనాలు తగలబడే కారణాల్లో అదొకటి. వాడని రోజుల్లో సౌనాని సామాన్ల గదిగా వాడటం మరొకటి. ఎవరో పొరపాటున స్విచ్ వేస్తారు.

సగం సౌనా బయటే ఉంది

కిటికీ గురించి ఇంత రాసినా, సరస్సుతో చుట్టరికం కలిపేది కిటికీ అనుకోనక్కర్లేదు. సౌనా అంటే ఒకసారి వేడెక్కి బయటపడటం కాదు. పది పదిహేను నిమిషాలు లోపల, అంతే సేపు బయట, మళ్ళీ లోపలికి, ఇలా రెండు మూడు చుట్లు. బయట చల్లబడుతూ కూర్చోవడాన్ని ‘విల్వోయిత్తేలు’ అంటారు. ఒంట్లోంచి ఆవిరి లేస్తుంటుంది, చలి తెలియదు, చెవులు నిశ్శబ్దానికి తెరుచుకుంటాయి. ఆ పావుగంటలో చూసినంత సరస్సు ఏ గాజులోంచీ చూడలేం.

కాబట్టి గాజు గోడ డబ్బులు అరుగుమీద పెట్టండి. కప్పు ఉన్న వసారా, లోతు కనీసం 1.8 మీటర్లు, నలుగురు కాళ్ళు చాపుకునేటట్టు. గాలి కొట్టే వైపు ఒక చెక్క తడిక. వీపు గోడకి ఆని, చూపు నీళ్ళకేసి. టవళ్ళకి కొయ్యలు, నీళ్ళ కూజాకి చోటు. వేడి గది తలుపు నుంచి అరుగుదాకా పది అడుగులు మించకుండా. మధ్యలో బట్టలు మార్చుకునే గది అడ్డొస్తే చాలామంది బయటికి రావడమే మానేస్తారు. తలుపు బయటికే తెరుచుకోవాలి, గడియ ఉండకూడదు. కళ్ళు తిరిగినవాళ్ళు నెడితే తెరుచుకోవాలి.

ఫిన్లాండ్ ఆర్కిటెక్టు అల్వార్ ఆల్టో మూరాత్సాలో దీవిలో కట్టుకున్న ప్రయోగ గృహానికి సౌనా ఇంటిని ఆనుకుని లేదు. విడిగా, నీటి ఒడ్డున, దుంగలతో కట్టిన, పొగగొట్టం లేని పొగ సౌనా. ఆయన రూపొందించగా 1939లో పూర్తయిన విల్లా మైరియా ఇంట్లో సౌనాకి పచ్చిక కప్పు. హెల్సింకీ సముద్రతీరంలో 2016లో తెరిచిన ‘లోయ్‌ల్యూ’ పబ్లిక్ సౌనాని చెక్క పట్టీలు కప్పి ఉంచుతాయి. లోపలున్నవాళ్ళకి సముద్రం కనబడుతుంది, బయటివాళ్ళకి వాళ్ళు కనబడరు. గాజు ముందు పట్టీలు పెట్టే ఆ పద్ధతి పొరుగు ఇళ్ళున్న చోట చిన్న సౌనాకీ పనికొస్తుంది.

నీళ్ళలోకి దిగే మెట్లకి రెండువైపులా పట్టుకునే కడ్డీ ఉండాలి. వేడినుంచి వచ్చినవాళ్ళ రక్తపోటు పడి ఉంటుంది, తడి చెక్క జారుతుంది. చలికాలంలో మంచు కోసి చేసిన గుంతని ‘అవంతో’ అంటారు. గుంత మళ్ళీ గడ్డకట్టకుండా చిన్న పంపు అడుగునీటిని పైకి తిప్పుతుంటుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా దిగకూడదు. మద్యం తాగి ఎవరూ దిగకూడదు, ఒంటరిగా అసలే వద్దు. సబ్బునీళ్ళు సరస్సులోకి పోకూడదు. నేలని గొట్టం వైపు వాలుగా కట్టి, ఆ నీటిని ఒడ్డుకీ బావికీ దూరంగా మట్టిలో ఇంకే గుంతకి పంపాలి. ఒడ్డుకి ఎంత దూరంలో కట్టొచ్చో అక్కడి మున్సిపాలిటీ నిబంధనలు చెబుతాయి. పునాది తీయకముందే అడగాలి.

ఒంటిని తట్టుకునే బిర్చ్ కొమ్మల కట్టని పడమటి ఫిన్లాండ్‌లో ‘విహ్త’ అంటారు, తూర్పున ‘వస్త’, అచ్చం తెలంగాణలో ‘ఇప్పుడే వస్త’ అన్నట్టే. ఆకు గట్టిపడే నడివేసవిలో కోస్తారు. మరీ లేత కొమ్మలైతే ఆకులు ఒంటికే అంటుకుపోతాయి. అడవిలో ఎవరైనా తిరగొచ్చు, పళ్ళు కోసుకోవచ్చు గానీ బతికున్న చెట్టు కొమ్మ విరవాలంటే ఆ నేల సొంతదారు ఒప్పుకోవాలి. మొక్కి అద్దెకి తీసుకున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

తెలుగు నేలమీద కట్టాలంటే

అక్కడ చూసొచ్చి ఇక్కడ కట్టించుకోవాలనుకునేవాళ్ళకి మొదటి అడ్డంకి కరెంటు. 6 కిలోవాట్ల పొయ్యి సింగిల్ ఫేజ్ మీద 26 ఆంపియర్లు లాగుతుంది. చాలా ఇళ్ళ మంజూరు లోడు అంత ఉండదు. త్రీ ఫేజ్ తీసుకుంటే ఫేజుకి 9 లోపే. పొయ్యిదాకా వచ్చే తీగకి పీవీసీ తొడుగు వద్దు, వేడికి పెళుసై రాలిపోతుంది. రబ్బరు తొడుగు కావాలి. వానాకాలమంతా వాడకుండా వదిలేస్తే చుట్టల లోపలి పొడి తేమ పీల్చుకుని మొదటిరోజు ట్రిప్ కావచ్చు. రెండు మూడు సార్లు వేడి చేశాక అది పోవాలి. పోకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

మేస్త్రీలు బల్లలకి టేకు వేద్దామంటారు. టేకు బరువైన చెక్క, అబాచీ కంటే ఒకటిన్నర రెట్ల పైనే. అదే వేడిలో ఒంటికి ఎక్కువ కాలుతుంది. ఆస్పెన్ తెప్పిస్తే చెదలు వదలవు. నేలకి ఆనకుండా స్టీలు కాళ్ళమీద నిలబెట్టాలి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువున్న చోట తాగునీరే పోయాలి.

అసలు చిక్కు చల్లబడే సగంతోనే. మే నెలలో 40 డిగ్రీల ఎండలోకి తలుపు తెరిస్తే చల్లబడేదెక్కడ? విశాఖలో ఉష్ణోగ్రత తక్కువైనా గాలిలో తేమకి చెమట ఆరదు. లంబసింగి, అరకు వైపు చలికాలపు తెల్లవారుజాము మాత్రం దీనికోసమే ఉన్నట్టుంటుంది. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు సరిపోతాయి. మిగతా కాలమంతా నీడలో, ఉత్తరం వైపు అరుగు, పైన తెరుచుకున్న ఆకాశం, పక్కన ఒక నీళ్ళ తొట్టి. ఇక్కడ కిటికీ ఇంకా చిన్నదైనా ఫరవాలేదు. పడమటి ఎండ గాజుమీద పడితే గదిని సాయంత్రందాకా ఉడకబెడుతుంది.

ఎక్కడ కట్టినా చివరి మనిషి బయటికొచ్చాక పని ఇంకో అరగంట ఉంటుంది. బల్లలమీద గోరువెచ్చని నీళ్ళు పోసి తుడవాలి. నేలమీది చెక్క తడికని ఎత్తి గోడకి ఆనించాలి. కప్పు దగ్గరి కన్నం తెరవాలి. పొయ్యిలో ఇంకో కట్టె వేసి, లేదా కరెంటు పొయ్యిని ఇంకో 20 నిమిషాలు ఉంచి గదిని ఆరనివ్వాలి. ఆ ఖాళీలో అరుగుమీద ఇంకాసేపు కూర్చోవచ్చు.